క్షమించేది దేవుడే, మరి గురువు దగ్గరికెందుకు?

పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలను గురువు (ఫాదర్) ముందు చెప్పుకుని క్షమాపణ పొందే సంస్కారం, దాని మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. పాపాలు క్షమించేది దేవుడొక్కడే కదా, మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? ప్రశ్న కొత్తదేమీ కాదు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో, కపెర్నహూములో ఇంటికప్పు విప్పి దింపిన పక్షవాతరోగితో యేసు "నీ పాపాలు క్షమించబడ్డాయి" అన్నప్పుడు అక్కడ కూర్చున్న శాస్త్రులు సరిగ్గా ఇదే అనుకున్నారు. క్షమించేది దేవుడే అన్న వాళ్ల మాటను ఏ క్రైస్తవ సంఘమూ కాదనదు. గొడవంతా ఆ క్షమాపణ మనిషికి ఏ దారిన అందుతుంది, ఎవరి నోట వినబడుతుంది అన్న దగ్గరే.

ఆ గొడవకు మూలం యోహాను సువార్త 20వ అధ్యాయం. పునరుత్థానం రోజు సాయంత్రం, తలుపులు వేసుకుని కూర్చున్న శిష్యుల మధ్యకు యేసు వచ్చి, వాళ్ల మీద ఊది, మీరు ఎవరి పాపాలు క్షమిస్తారో అవి వారికి క్షమించబడతాయి, ఎవరివి నిలిపి ఉంచుతారో అవి నిలిచి ఉంటాయి అంటాడు. కతోలికులు, ఆర్థడాక్సులు (గ్రీకు, రష్యను వంటి తూర్పు సంఘాలవారు) దీన్ని అపొస్తలులకూ, వారి తర్వాత పీఠాధిపతులకూ (బిషప్పులకూ) గురువులకూ అప్పగించిన అధికారంగా చదువుతారు. లూథరన్లు ఇది మొత్తం సంఘానికి ఇచ్చిన తాళపుచెవి అనీ, పాస్టరు దాన్ని సంఘం తరఫున వాడతాడనీ అంటారు. కాల్విన్ బాటలో నడిచే రిఫార్మ్‌డ్ సంఘాలు ఇందులో చూసేది సువార్త ప్రకటననే: నమ్మి మారుమనస్సు పొందినవారికి క్షమాపణ ఉందని చాటడం, నమ్మనివారికి లేదని చాటడం. కతోలికుల వాదంలో ఇంకో మెట్టు ఉంది. క్షమించాలా నిలిపి ఉంచాలా అని తేల్చవలసిన మనిషికి ఏం జరిగిందో తెలియాలి, కాబట్టి పాపాలు నోటితో చెప్పాలి. 1551 నవంబరులో కతోలిక పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ 14వ సమావేశం నిలబడింది ఈ తర్కం మీదే.

అసలు క్షమాపణతో ఏం పోతుంది, ఏం పోదు? ఇది తేలకపోతే మిగతాదంతా తలకిందులవుతుంది. సమూయేలు రెండో గ్రంథం 12వ అధ్యాయం దీనికి మంచి పాఠం. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో ముందు వరసలో పెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి నిలదీస్తే "నేను పాపం చేశాను" అని ఒప్పుకున్నాడు. మరుక్షణం నాతాను, దేవుడు నీ పాపాన్ని పరిహరించాడు, నువ్వు చావవు అన్నాడు. కానీ అదే నోట, నీ ఇంటి నుంచి కత్తి తొలగదు అన్న తీర్పును మాత్రం వెనక్కి తీసుకోలేదు. దోషం పోయింది, దేవునితో తెగిన సంబంధం మళ్లీ కలిసింది. చేసిన పనివల్ల లోకంలో పుట్టిన నష్టం మాత్రం అక్కడే ఉంది. ఊరియా తిరిగి రాలేదు.

కతోలిక బోధన ఈ రెంటినీ వేరువేరు పద్దుల్లో రాస్తుంది. చావైన పాపం దేవునితో బంధాన్ని తెంచుతుంది, దాని దోషమూ నిత్యశిక్షా పాపవిమోచనతో పోతాయి. పాపం మిగిల్చిన వంకర అలవాట్లు, లోకానికి చేసిన నష్టం, వాటికి సంబంధించిన తాత్కాలిక శిక్ష మిగిలి ఉండవచ్చు. ప్రాయశ్చిత్తం పని చేసేది ఈ రెండో పద్దు మీద. ప్రొటెస్టెంటు సంఘాలు ఈ తాత్కాలిక శిక్ష అన్న లెక్కనే ఒప్పుకోవు. క్రీస్తు సిలువ మీద చెల్లించింది సంపూర్ణం అంటాయి. అయినా దొంగిలించిన డబ్బు తిరిగి ఇవ్వాలనడంలో ఎవరికీ తేడా లేదు.

ఏది చావైన పాపం? మూడు షరతులూ ఒకేసారి ఉండాలి: విషయం గంభీరమైనది కావాలి, అది గంభీరమైనదని పూర్తిగా తెలిసి ఉండాలి, ఇష్టపూర్వకంగా చేయాలి. ఒక్కటి లోపించినా అది అల్పపాపమే. అల్పపాపాలకు ప్రార్థన, దానధర్మం, దివ్యసత్ప్రసాదం (పూజలో స్వీకరించే ప్రభు భోజనం) కూడా క్షమాపణ తెచ్చిపెడతాయి. వాటిని గురువు దగ్గర చెప్పడం మంచిదే కానీ తప్పనిసరి కాదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 988, 989 నిబంధనల ప్రకారం తప్పనిసరిగా చెప్పవలసినవి చావైన పాపాలు, అవీ కనీసం ఏడాదికి ఒకసారి. వారం వారం చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు. చావైన పాపంతో ఉన్నానని తెలిసినవాడు మాత్రం ముందు పాపసంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం తీసుకోకూడదన్నది సాధారణ నియమం.

సంస్కారంలో పాపి వైపు నుంచి మూడు భాగాలు: పశ్చాత్తాపం, పాపం చెప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. గురువు వైపు నుంచి ఒకటి, విమోచన వాక్యం. వీటిలో మొదటిదాన్నే జనం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏడుపు రాలేదు, గుండె కరగలేదు, కాబట్టి నా పశ్చాత్తాపం నిజం కాదేమో అని దిగులుపడేవాళ్లు చాలామంది. పశ్చాత్తాపం ప్రధానంగా సంకల్పానికి సంబంధించినది: చేసిన పనిని అసహ్యించుకోవడం, మళ్లీ చేయకూడదని తీర్మానించుకోవడం. కన్నీళ్లు వస్తే రావచ్చు, అవి షరతు కాదు. దేవుని మీద ప్రేమతో పుట్టిన పశ్చాత్తాపాన్ని పరిపూర్ణమైనదంటారు. పాపం వికారంగా కనిపించో, నరకానికి భయపడో పుట్టినదాన్ని అసంపూర్ణమైనదంటారు. పాపసంకీర్తనానికి ఈ రెండోది చాలు. ఇది సామాన్యమైన రాయితీ కాదు. దేవుణ్ణి తగినంతగా ప్రేమించలేకపోతున్నానని బాధపడేవాడికి కూడా తలుపు తెరిచే ఉందన్నమాట.

పరిపూర్ణ పశ్చాత్తాపం ఉంటే, వీలైనంత త్వరలో పాపసంకీర్తనం చేస్తానన్న గట్టి నిర్ణయం కూడా ఉంటే, గురువు దగ్గరికి చేరకముందే చావైన పాపాలు సైతం క్షమించబడతాయని కతోలిక సత్యోపదేశం (సంఘం అధికారిక బోధన గ్రంథం) 1452వ పేరా చెబుతుంది. గురువు లేకపోతే క్షమాపణే లేదని కతోలికులు నమ్ముతారన్న విమర్శకు జవాబు అక్కడే ఉంది. విమర్శించేవాళ్ల సంగతి అటుంచితే, కతోలికుల్లో కూడా ఎంతమందికి ఇది తెలుసో అనుమానమే.

"మళ్లీ చేయను" అన్న తీర్మానం గురించి ఒక మాట. ఇది నాకు మళ్లీ పడే భయం లేదన్న హామీ కాదు. తన బలహీనత తెలిసినవాడు, మళ్లీ పడతానేమోనని భయపడుతూనే నిజాయితీగా తీర్మానించుకోవచ్చు. సంస్కారాన్ని చెడగొట్టేది వేరు: బయటికి వెళ్లగానే అదే పని చేయాలని ముందే నిశ్చయించుకుని లోపలికి రావడం. అక్రమ సంబంధం వదలను, కాజేసిన ఆస్తి ఇవ్వను, కానీ క్షమించండి అంటే గురువు విమోచన ఇవ్వకూడదు. సందేహానికి తావులేని పశ్చాత్తాపం ఉన్నవాడు అడిగితే మాత్రం నిరాకరించడానికీ వాయిదా వేయడానికీ గురువుకు హక్కు లేదు (నిబంధన 980). శనివారం చెప్పుకుని సోమవారం మళ్లీ మొదలుపెట్టవచ్చు కదా అని ఎగతాళి చేసేవాళ్లు, అలా ముందే లెక్కవేసుకున్నవాడికి దక్కేది ఏమీ లేదన్న సంగతి గమనించరు.

చెప్పుకోవడం దగ్గరికి వద్దాం. ముందు ఆత్మశోధన. పది ఆజ్ఞల వరస పట్టుకుని వెళ్లడం పాతపద్ధతి, ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి. చేసినవే కాక, చేయవలసి ఉండి చేయనివి కూడా చూసుకోవాలి. చాలామంది జాబితాలో ఈ రెండోది కనబడదు. లోపలికి వెళ్లాక సిలువ గుర్తు వేసుకుని, కిందటిసారి పాపసంకీర్తనం చేసి ఎంతకాలమైందో చెప్పాలి. ఆ కాలం ఎందుకంటే, ఒక పాపం వారంలో నాలుగుసార్లు జరగడానికీ నాలుగేళ్లలో నాలుగుసార్లు జరగడానికీ ఇచ్చే సలహా వేరు. తర్వాత చావైన పాపాలను రకం, సంఖ్య చెప్పి ఒప్పుకోవాలి. లెక్క గుర్తులేకపోతే "నెలకు రెండు మూడుసార్లు, ఏడాదిగా" అంటే సరిపోతుంది. పాపం స్వరూపాన్నే మార్చే పరిస్థితి ఉంటే అదీ చెప్పాలి: కొట్టింది ఎవరినో పరాయివాణ్ణా, కన్నతండ్రినా అన్నది తేడానే. చివర వీటికీ గుర్తులేని మిగతా పాపాలకూ కలిపి పశ్చాత్తాపపడుతున్నానని చెప్పడం ఆనవాయితీ.

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు ప్రతిచోటా ఒకలాగే ఉంటాయి. "ఫాదర్, అన్ని పాపాలూ చేశాను" అనడం ఒకటి, దీనివల్ల ఏమీ చెప్పనట్టే. భర్త పాపాలో కోడలి పాపాలో చెప్పడం మరొకటి. ఇంకొకటి, పాపం అరముక్క చెప్పి దానికి దారితీసిన పరిస్థితులు అరగంట వివరించడం. వివరణ పెరిగేకొద్దీ ఒప్పుకోలు సమర్థనగా మారిపోతుంది. శరీర సంబంధమైన పాపాల్లో వర్ణన అక్కరలేదు, రకం తెలిస్తే చాలు. గురువు కూడా అంతకు మించి తవ్వకూడదు. నిబంధన 979 ప్రశ్నలు అడిగేటప్పుడు వివేకం, జాగ్రత్త పాటించాలంటుంది, ఆ పాపంలో పాలుపంచుకున్న మరో మనిషి పేరు అడగవద్దంటుంది.

మరచిపోవడానికీ దాచిపెట్టడానికీ మధ్య ఉన్న గీత చాలా ముఖ్యం. నిజంగా మరచిపోయిన పాపం మిగతావాటితో పాటే క్షమించబడుతుంది, తర్వాత గుర్తొస్తే వచ్చేసారి చెబితే చాలు. సిగ్గుతో కావాలని ఒక చావైన పాపాన్ని దాచితే మాత్రం ఆ పాపసంకీర్తనం మొత్తం చెల్లదు. చెప్పినవి కూడా క్షమించబడవు, పైగా సంస్కారాన్ని అపవిత్రం చేసిన పాపం తోడవుతుంది. ఆ తర్వాత అదే దాపరికంతో చేసినవన్నీ చెల్లనివే. సరిచేసుకోవాలంటే చివరగా చక్కగా చేసిన దాని నుంచి మొదలుపెట్టి అన్నీ మళ్లీ చెప్పాలి. నాలుగు, ఐదు శతాబ్దాల వేదపండితుడు జెరోం మాటను ట్రెంట్ మహాసభ ఇక్కడ గుర్తుచేసింది: రోగి సిగ్గుపడి వైద్యుడికి గాయం చూపకపోతే, తెలియనిదాన్ని మందు నయం చేయదు. ఇలా ఏళ్ల తరబడి ఇరుక్కున్నవాళ్లకు పనిచేసే ఉపాయం ఒకటే. "సిగ్గువల్ల దాచింది ఒకటుంది, చెప్పడానికి సాయం చేయండి" అని మొదలుపెట్టడం. అనుభవమున్న గురువు మిగతాది ప్రశ్నలతో బయటికి తెస్తాడు.

విన్నాక గురువు రెండు ముక్కల సలహా చెప్పి ప్రాయశ్చిత్తం నిర్ణయిస్తాడు: ప్రార్థనలు కావచ్చు, ఉపవాసం, దానం, సేవ, వదులుకోవలసిన ఒక అలవాటు కావచ్చు. ఇచ్చినది చేయలేనిదైతే అక్కడే చెప్పి మార్పించుకోవచ్చు. మొహమాటానికి తలూపి తర్వాత చేయకపోవడం కన్నా అదే మేలు. చేస్తానన్న నిజమైన ఉద్దేశంతో ఒప్పుకుని తర్వాత బద్ధకించినా విమోచన రద్దు కాదు, కానీ ఆ నిర్లక్ష్యం కొత్త తప్పవుతుంది. పశ్చాత్తాప జపం చెప్పాక గురువు చేయి చాపి విమోచన వాక్యం పలుకుతాడు. 1973లో ఆరవ పౌలు పోపు కాలంలో సవరించిన క్రమంలో ఆ వాక్యం తండ్రి కరుణతో మొదలై, కుమారుని మరణ పునరుత్థానాలనూ, పాపక్షమాపణ కోసం పంపబడిన పవిత్రాత్మనూ స్మరించి, శ్రీసభ పరిచర్య ద్వారా దేవుడు నీకు క్షమాపణను, శాంతిని ప్రసాదించుగాక అని కోరి, తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన నిన్ను నీ పాపాల నుంచి విముక్తం చేస్తున్నాను అన్న ముక్కతో ముగుస్తుంది. సారమంతా ఈ చివరి ముక్కలో ఉంది. ప్రాణాపాయ సమయంలో అదొక్కటీ పలికినా చెల్లుతుంది. పాపి "ఆమెన్" అనాలి. ఫోనులోనో ఇంటర్నెట్టులోనో ఇది కుదరదు. ఇద్దరూ ఒకచోట ఉండాలి.

గురువుగా అభిషేకం ఒక్కటే చాలదు, విమోచన ఇవ్వడానికి పీఠాధిపతి నుంచో, చట్టం నుంచో వచ్చిన అనుమతీ ఉండాలి (నిబంధన 966). గురువు కన్నా ఒక మెట్టు కింద ఉండే డీకనుకు ఈ అధికారం లేదు. గురువు తనకు తాను విమోచన ఇచ్చుకోలేడు; పోపు కూడా మరో గురువు ముందు మోకరించవలసిందే. తనతో కలిసి లైంగిక పాపం చేసిన వ్యక్తికి గురువు ఆ పాపం నుంచి విమోచన ఇస్తే అది చెల్లదు, ప్రాణాపాయంలో తప్ప. పైగా అలా ఇచ్చిన గురువు తనంతట తానే వెలి శిక్షకు గురవుతాడు. ఈ నిబంధన ఎందుకుందో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

గోప్యత మాట. పాపసంకీర్తన రహస్యానికి మినహాయింపు లేదు. ప్రాణం కాపాడుకోవడానికైనా, అమాయకుడు శిక్షపడకుండా ఆపడానికైనా గురువు నోరు విప్పకూడదు. నేరుగా బయటపెడితే ఆ క్షణమే వెలి, దాన్ని తొలగించే అధికారం రోముకే ఉంది. 2021లో సవరించిన శిక్షాచట్టంలో ఇది 1386వ నిబంధన. చెప్పకపోవడమే కాదు, విన్నదాన్ని ఆ మనిషికి నష్టం కలిగేలా వాడుకోవడమూ నిషిద్ధమే. నీ కింద పనిచేసేవాడు డబ్బు కాజేశానని ఒప్పుకున్నాడని తాళాలు చేతులు మార్చకూడదు. దుబాసీ ద్వారా చెప్పుకుంటే దుబాసీకీ, పొరపాటున చెవినపడితే విన్నవాడికీ ఇదే బాధ్యత. నేరస్తుణ్ణి పోలీసులకు లొంగిపొమ్మని గురువు ప్రోత్సహించవచ్చు, కానీ లొంగిపోతేనే విమోచన అని షరతు పెట్టకూడదని 2019లో వాటికన్ స్పష్టం చేసింది. ఇక్కడ నిజమైన ఘర్షణ ఉంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు పిల్లల మీద అత్యాచారం సంగతి పాపసంకీర్తనంలో తెలిసినా ఫిర్యాదు చేయాలని 2019, 2020లలో చట్టాలు చేశాయి. శ్రీసభ వాదన, రహస్యం లేకపోతే అలాంటివాళ్లు అసలు రారు, వాళ్లను ఆపేందుకు ఉన్న ఒక్క అవకాశమూ పోతుందని. చట్టసభల వాదన, ఆ అవకాశం పిల్లల్ని ఇంతకాలం కాపాడలేదని. రెండు వైపులా బరువున్న మాటలే. బాధితులైన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానం అన్ని పాపాలనూ కడిగేది. ఆ తర్వాత హత్య, వ్యభిచారం, విశ్వాసత్యాగం లాంటివి చేస్తే జీవితంలో ఒక్కసారే బహిరంగ ప్రాయశ్చిత్తానికి అవకాశం. 250లో డెసియస్ చక్రవర్తి హింసలకు జడిసి విగ్రహాలకు బలులిచ్చినవాళ్లను తిరిగి చేర్చుకోవాలా అన్న మీదే రోములో సంఘం చీలింది. రోము గురువు నొవేషియన్ వద్దన్నాడు, రోము పీఠాధిపతి కొర్నేలియూ, కార్తేజ్ పీఠాధిపతి సిప్రియనూ తగిన ప్రాయశ్చిత్తం తర్వాత చేర్చుకోవచ్చన్నారు. చివరికి నిలిచింది వాళ్ల మాటే. ప్రాయశ్చిత్తం పూర్తయ్యాక కూడా సైన్యంలో చేరకూడదు, దాంపత్యం కూడదు వంటి నిషేధాలు ఉండేవి. దాంతో జనం దాన్ని మరణశయ్య దాకా వాయిదా వేసేవారు. చక్రవర్తులకూ మినహాయింపు లేదు: థెస్సలోనికలో జరిగిన ఊచకోతకు 390లో థియోడోసియస్ మిలాను పీఠాధిపతి అంబ్రోసు మాటకు తలొగ్గి బహిరంగ ప్రాయశ్చిత్తం చేశాడు.

రహస్యంగా, ఎన్నిసార్లైనా చెప్పుకునే పద్ధతిని ఐరోపా ఖండంలో వ్యాపింపజేసింది ఐర్లండు సన్యాసులు, ఆరేడు శతాబ్దాల్లో. ఏ పాపానికి ఎన్నేళ్లు రొట్టె, నీళ్లతో గడపాలో పట్టీలు రాసిన చేతిపుస్తకాలు వాళ్లవి. పాపం చేసినప్పుడల్లా గురువును విమోచన అడిగే అలవాటును 589లో టొలెడో సభ ఖండించింది కూడా. చూస్తే, 1215లో నాలుగో లాటెరన్ మహాసభ నాటికి ఏడాదికొకసారి సొంత విచారణ (పారిష్) గురువు దగ్గర చెప్పుకోవడమే విశ్వాసులందరికీ చట్టమైంది. ఒకప్పుడు తప్పన్న పద్ధతే తర్వాత తప్పనిసరి అయిందంటే, సంప్రదాయం పేరు చెప్పి గట్టిగా వాదించేవాళ్లు కొంచెం తగ్గి మాట్లాడటం మంచిది.

ఆర్థడాక్సు సంఘాల్లో దృశ్యం వేరు. పాపి క్రీస్తు చిత్రపటానికో, సిలువా సువార్తా ఉంచిన బల్లకో ఎదురుగా నిలబడతాడు, గురువు పక్కన ఉంటాడు. స్లావు సంప్రదాయంలో గురువు ముందే చెబుతాడు: క్రీస్తు అదృశ్యంగా ఇక్కడ నిలిచి నీ మాట వింటున్నాడు, నేను సాక్షిని మాత్రమే. చివర తన మెడలోని వస్త్రాన్ని పాపి తలమీద కప్పి, దేవుడు నిన్ను క్షమించుగాక అని ప్రార్థిస్తాడు. "నేను క్షమిస్తున్నాను" అన్న రూపం కూడా రష్యను పుస్తకాల్లో ఉంది, కానీ అది 17వ శతాబ్దంలో కీవు నుంచి, లాటిను ప్రభావంతో వచ్చి చేరింది. గ్రీకులు ప్రార్థన రూపంలోనే ఉండిపోయారు. పడమటి సంఘంలో కూడా 12వ శతాబ్దం దాకా ప్రార్థన రూపమే ఎక్కువ.

ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్ పాపసంకీర్తనాన్ని తీసిపారేశాడని చాలామంది నమ్మకం. 1530 నాటి లూథరన్ల ఔగ్స్‌బర్గు విశ్వాస ప్రకటన 11వ అంశం వ్యక్తిగత విమోచనను సంఘాల్లో నిలుపుకోవాలని చెబుతుంది. వద్దన్నది పాపాలన్నిటినీ ఏకరువు పెట్టి తీరాలన్న నిర్బంధాన్ని. లూథర్ చిన్న సత్యోపదేశంలో పాస్టరు అడుగుతాడు: నేనిచ్చే క్షమాపణ దేవుని క్షమాపణ అని నమ్ముతున్నావా? నమ్మితే, నువ్వు నమ్మినట్టే నీకు అగుగాక. బరువంతా పాపి చెప్పే జాబితా మీద నుంచి, వినే వాగ్దానం మీదకు జరిగింది. ఆంగ్లికన్లు ఆరాధనలో అందరూ కలిసి ఒప్పుకుని గురువు నోట విమోచన వింటారు, రోగుల పరామర్శ క్రమంలో వ్యక్తిగత విమోచనా ఉంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో విశ్వాసి నేరుగా ప్రార్థనలో ఒప్పుకుంటాడు, యోహాను మొదటి పత్రిక 1:9 ఆధారంగా. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అన్న యాకోబు 5:16 మాత్రం ఆ సంఘాల్లో తగినంతగా వినబడదన్నది నా అభిప్రాయం.

ఇండల్జెన్సులను, అంటే తాత్కాలిక శిక్షకు సంఘం ఇచ్చే మాఫీలను, పాపక్షమాపణతో కలిపేయడం మరో గందరగోళం. 1517లో లూథర్ 95 సూత్రాలతో ఎదిరించింది వాటి అమ్మకాన్ని, దాని వెనకున్న బోధను. కతోలిక బోధనలో ఇండల్జెన్సు దోషాన్ని క్షమించదు. ఇప్పటికే క్షమించబడిన పాపం తాలూకు తాత్కాలిక శిక్షకే అది సంబంధించింది. 1967లో ఆరవ పౌలు పోపు రోజులు, సంవత్సరాల లెక్కలు ఎత్తేశాడు. ఆ శిక్షంతటినీ మాఫీ చేసే సంపూర్ణ ఇండల్జెన్సుకు నిర్ణయించిన కార్యంతో పాటు పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పోపు ఉద్దేశాల కోసం ప్రార్థన, అల్పపాపం మీద కూడా మమకారం లేకపోవడం షరతులు. ఈ చివరిది ఎంత కష్టమో ఆలోచిస్తే చౌకబేరం అన్నమాట ఎవరూ అనరు.

మనుషుల మధ్య సంగతికి వస్తే, మత్తయి 18వ అధ్యాయంలో లెక్క ఒకసారి వేసి చూడాలి. ఆ ఉపమానంలో రాజు ఒక సేవకుడికి మాఫీ చేసిన అప్పు 10,000 తలాంతులు. తలాంతు దాదాపు 6,000 దేనారాలు, దేనారం ఒకరోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు. ఆ సేవకుడు తోటివాడి గొంతు పట్టుకున్నది 100 దేనారాల కోసం. 100 దేనారాలు చిన్న మొత్తమేమీ కాదు, మూడు నెలల పైచిలుకు కూలి. మనకు జరిగిన అన్యాయం ఉత్తదని ఆ ఉపమానం అనదు, దాని పక్కన రెండో అంకె పెట్టి చూడమంటుంది. మీరు మనుషులను క్షమించకపోతే తండ్రి మిమ్మల్ని క్షమించడన్న మత్తయి 6:15 షరతు అన్ని సంఘాలకూ ఉమ్మడి.

కానీ ఈ షరతును బాధితుల మీద కర్రలా వాడేవాళ్లున్నారు. క్షమించడం అంటే పగ తీర్చుకునే హక్కును వదులుకోవడం, ఆ మనిషి మేలు కోరడం. కొట్టే భర్త ఇంటికి తిరిగి వెళ్లడం అందులో భాగం కాదు, కేసు వెనక్కి తీసుకోవడం కూడా కాదు. సంబంధం మళ్లీ కలవాలంటే అవతలివాడి పశ్చాత్తాపం, మార్పు, సమయం కావాలి. అవి లేనప్పుడు కూడా క్షమించవచ్చు, తలుపు గడియ వేసుకునే.

తప్పు చేసినవాడి వైపు బాకీ ఇంకా కచ్చితమైనది. లేవీయకాండం ఆరో అధ్యాయం కాజేసినదానికి ఐదోవంతు కలిపి, అపరాధబలి అర్పించే రోజునే సొంతదారుకు ఇవ్వాలంటుంది. సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, గొర్రె దొంగకు నిర్గమకాండం విధించినట్టే. సొంతదారు చనిపోతే వారసులకివ్వాలి, ఎవరో తెలియకపోతే పేదలకు. పరువుపోతుందనుకుంటే పేరు చెప్పకుండా పంపవచ్చు, డబ్బు చేరడం ముఖ్యం. ఒకరి మీద అబద్ధం ప్రచారం చేసినవాడు ఆ అబద్ధాన్ని, విన్నవాళ్ల దగ్గరే వెనక్కి తీసుకోవాలి. దీనికి మాత్రం ఎక్కువమంది సిద్ధపడరు.

ఇందుకు పూర్తిగా ఎదురు జబ్బు అతిశంక. చెప్పినదే మళ్లీ మళ్లీ చెప్పడం, విమోచన పొందిన గంటకే అనుమానం. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో, తర్వాత యేసుసభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లింది ఈ బాధతోనే. పాత పాపాలు ఇక చెప్పనని తీర్మానించుకున్నాకే బయటపడ్డాడు. పాత సలహాయే నేటికీ పనికొస్తుంది: ఒకే గురువు దగ్గరికి వెళ్లాలి, ఆయన మాట వినాలి, క్షమించబడినదాన్ని తిరగదోడకూడదు. నిద్ర, తిండి దెబ్బతినే స్థాయికి చేరితే మనోవైద్యుడి దగ్గరికీ వెళ్లాలి. పవిత్రాత్మకు విరుద్ధమైన పాపం చేశానేమోనన్న భయం కూడా వీళ్లకే ఎక్కువ. ఎన్నటికీ క్షమాపణ లేదని మార్కు మూడో అధ్యాయం చెప్పే ఆ పాపాన్ని సంఘం అర్థం చేసుకున్నది, క్షమాపణనే చివరిదాకా తిరస్కరించడంగా. క్షమాపణ కోసం తపించేవాడి స్థితి దానికి ఎదురు.

ప్రాణాపాయంలో నియమాలన్నీ సడలుతాయి. అనుమతి లేని గురువైనా, గురుత్వాన్ని వదిలేసి వెళ్లిపోయినవాడైనా చెల్లుబాటుగా విమోచన ఇవ్వగలడు, ఏ పాపం నుంచైనా, ఏ వెలి నుంచైనా (నిబంధన 976). మునిగే ఓడలో ఒక్కొక్కరి మాట వినే వ్యవధి లేకపోతే అందరికీ కలిపి ఒక్కసారే ఇవ్వవచ్చు. బతికి బయటపడినవాళ్లు తమ చావైన పాపాలను తర్వాత విడిగా చెప్పుకోవాలి. రోగి మాట్లాడలేకపోతే సైగ చాలు. స్పృహలో లేకపోతే, స్పృహలో ఉంటే అడిగేవాడేనని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు గురువు విమోచన పలుకుతాడు. అందుకే కబురు ఆలస్యం చేయకూడదు. రోగి భయపడతాడని ఆఖరి క్షణం దాకా ఆగడం కుటుంబాలు సాధారణంగా చేసే తప్పు, ఆ ఆలస్యంలో పోయేది రోగి తన నోటితో తాను చెప్పుకునే అవకాశం.